పేరును ఆస్తియే

స్త్రీకి ఆస్తి యనగానే మనకు దోచునవి నగలు, పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన పొలము, తలదాచుకొను ఇల్లు. ఇవి కంటికి గనబడును. నగలను పెట్టెలో నుంచి తాళము వేయవచ్చును. పొలమునకు సరిహద్దు రాళ్లు పాతవచ్చును. కాని చట్టము మఱియొక విధమగు ఆస్తిని గూడ గుర్తించుచున్నది. దానికి తాళమును లేదు, సరిహద్దు రాళ్లును లేవు. అది పేరు. ఒక ప్రాంతపు స్త్రీపురుషులు తరతరములుగా నొక పనిని శ్రద్ధతో జేసి సంపాదించుకొన్న మంచి పేరు. ఈ ఆస్తి యెట్టిది, దానిలో స్త్రీల పాలెంత, ఆ పాలు చేతికి రావలెనన్న నేమి చేయవలెనని తెలిసికొనుట గృహిణులకు మిక్కిలి యవసరము.

నెల్లూరు సీమవారికి ఈ సంగతి బోధపడుటకు దూరము పోనక్కఱలేదు. కొడవలూరు పెన్నకు ఉత్తరముగా, చెన్నపట్టణమునుండి కలకత్తాకు బోవు రహదారి చెంత నున్న వరిపొలముల యూరు. పొరుగున నున్న కోవూరు మండలములో పాటూరు మగ్గములకు పేరుగన్న గ్రామము. ఇంట శుభకార్యము తలపెట్టినచో ఈ ప్రాంతపు గృహిణులు తలచుకొను చీరలలో వెంకటగిరి చీర యొకటి. ఆ పేరు చెప్పి యడిగినచో దుకాణమున పదిరకముల చీరలు ముందు పఱతురు. వానిలో వెంకటగిరి గుంట మగ్గముపై దినముల తరబడి నేసిన దేదియో, ఎక్కడనో మరమగ్గముపై క్షణములలో దిగిన దేదియో కొనువారికి తేలికగా దెలియదు. రెంటికిని చెప్పెడి పేరు మాత్ర మొక్కటే. మరమగ్గపు చీరను ఆ పేరుతో నమ్మినవాడు దొంగిలించిన దేమి? నూలు గాదు, జరీ గాదు, పేరు. కొన్న యామె డబ్బు నష్టపడినది. నేసిన కుటుంబము తన కూలి నష్టపడినది. రెండవ నష్టము కనబడనిది. కాని అదియే పెద్దది.

మనుష్యుని బుద్ధిబలమునుండి పుట్టిన యాస్తిని గాపాడు చట్టములను మేధాసంపత్తి చట్టము లందురు. క్రొత్త యంత్రమునో, మందునో కనిపెట్టినవారికి కొన్నియేండ్లపాటు దానిపై ప్రత్యేకాధికార మిచ్చునది పేటెంటు. పుస్తకము వ్రాసినవారికి, పాట కట్టినవారికి గలుగు హక్కు కాపీరైటు. ఒక వర్తకుడు తన సరకును గుర్తించుటకు వేసికొను ముద్ర ట్రేడుమార్కు. ఈ మూడును సామాన్యముగా నొక వ్యక్తికో, ఒక కంపెనీకో చెందును. మఱి వెంకటగిరి చీరను కనిపెట్టిన దెవరు? ఒక్కరని చెప్పుటకు వీలులేదు. వెలుగోటివారి సంస్థానపు ఆదరణలో పెరిగిన యీ నేతకు ఎందఱి చేతులో, ఎన్ని తరములో మెఱుగు దిద్దినవి. ఇట్టి ఉమ్మడి సంపాదన కొఱకు ఏర్పడినదే భౌగోళిక గుర్తింపు. ఒక వస్తువు గుణమునకు గాని, ఖ్యాతికి గాని అది పుట్టిన చోటే కారణమైనప్పుడు, ఆ చోటివారికే ఆ పేరు చెందునని దాని తాత్పర్యము.

ఈ చట్టము మనకేల కావలసి వచ్చినదో యెఱుగుటకు పసుపు కథ చెప్పుకొనవలెను. 1995వ సంవత్సరమున అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమునకు, పసుపు గాయములను మాన్పు ననెడి విషయమై పేటెంటు లభించెను. కూర తరుగుచు వ్రేలు కోసికొన్నప్పుడు మన తల్లులందఱును జేసిన వైద్య మది! మనదేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలివారు ఆ పేటెంటు నెదిర్చిరి. కాని అవ్వలు చెప్పిన మాట అక్కడ సాక్ష్యముగా జెల్లదు, వ్రాతలు చూపవలెను. సంస్కృతము, ఉర్దూ, హిందీ మున్నగు భాషలలోని 32 ఆధారములను జూపిన పిమ్మట 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. ఆ యనుభవమువలన మన సాంప్రదాయిక వైద్యవిజ్ఞానమును పుటలవారీగా వర్గీకరించి, పేటెంటు పరీక్షకులకు జూపుటకై 2001లో ఒక డిజిటలు గ్రంథాలయమునకు ప్రారంభము జరిగెను. 2024 మే మాసమున జెనీవా నగరమున ప్రపంచ దేశములు ఒక ఒడంబడికను ఆమోదించినవి. మొక్కలు మొదలగువాని జీవసంపద మీదను, దానికి సంబంధించిన సాంప్రదాయిక విజ్ఞానము మీదను ఆధారపడి పేటెంటు కోరువారు, అది యెక్కడినుండి వచ్చినదో వెల్లడింపవలెనని దాని సారము.

పసుపు కథలోని నీతిని మనము గట్టిగా పట్టుకొనవలెను. వ్రాతలో లేని జ్ఞానమునకు న్యాయస్థానమున నోరు లేదు. స్త్రీల నేర్పులో నధికభాగము నోటిమాటగానో, చేతివాటముగానో తల్లినుండి కూతునకు, అత్తనుండి కోడలికి వచ్చినదే గాని కాగితము మీది కెక్కినది గాదు.

పసుపు తరువాత బాస్మతి బియ్యముపై తగవు వచ్చెను. 1997లో ఒక అమెరికా కంపెనీ బాస్మతి వరివిషయమై పేటెంటు సంపాదించగా మనదేశమున గొప్ప సంచలనము గలిగెను. స్వదేశమున కాపుదల లేని పేరునకు పరదేశమున కాపుదల యడుగుట కష్టమని అప్పుడు తేటపడెను. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన దేశముగా మనము పాటింపవలసిన నియమములును ఉండెను. కావున 1999లో మన పార్లమెంటు భౌగోళిక గుర్తింపుల చట్టము చేసెను. అది 2003 సెప్టెంబరు 15వ తేదీనుండి అమలునకు వచ్చినది. దేశమునకంతటికిని దీని రిజిస్ట్రీ చెన్నపట్టణముననే యుండుట నెల్లూరువారికి సౌకర్యము. మొదట నమోదైనది దార్జిలింగు తేయాకు. చేనేతలలో మొదటి వరుసను నిలిచినది తెలంగాణమునందలి పోచంపల్లి ఇక్కతు. పిమ్మట కొండపల్లి బొమ్మలు, శ్రీకాళహస్తి కలంకారీ, ఉప్పాడ జాందానీ, ధర్మవరము పట్టు, బొబ్బిలి వీణ, గుంటూరు సన్న మిరప, బంగినపల్లి మామిడి, ఆత్రేయపురపు పూతరేకులు ఆ జాబితా కెక్కినవి.

నెల్లూరు సీమనుండి ఆ జాబితా కెక్కినవానిలో రెంటిని మనము చెప్పుకొనవలెను. మొదటిది వెంకటగిరి చీర. 2022లో జిల్లాలు విభజించినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలో జేరినను, చీర మాత్రము నెల్లూరువారి నోట నెల్లూరు చీరయే. సన్నని నూలు, జరీ అంచు, కొంగుమీద జాందానీ పద్ధతిని చేతితో నేసిన నెమలియో, చిలుకయో, మామిడిపిందెయో దాని గుఱుతులు. రెండవది ఉదయగిరి చెక్క చెంచాలు. ఉదయగిరి దుర్గపు కొండలచెంత లభించు తేలిక కలపతో గరిటెలు, చెంచాలు, ముళ్ల చెంచాలు చెక్కి, నునుపుదేర్చి, పిడులపై చిత్రపు పని చేయుదురు. ఈ పని చేయువారిలో స్త్రీలు పెక్కుమంది.

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. మగ్గము గుంటలో గూర్చుండి నాడె యాడించు వాని నొక్కని జూచి మనము నేతగాడందుము. కాని నాడెలోనికి కండె వచ్చుటకు ముందు రాట్నము త్రిప్పి కండెలు చుట్టిన దెవరు? ఆసుపోసిన దెవరు? తెల్లవాఱకముందే లేచి వీధిలో పడుగు సాచి గంజి పెట్టుటకు సాయపడిన దెవరు? తెగిన పోగు ముడివేసిన దెవరు? ఇంటి యిల్లాలు, తల్లి, కూతురు. పెక్కిండ్లలో మగ్గముమీద గూడ స్త్రీయే గూర్చుండును. 2019-20లో జరిగిన నాలుగవ అఖిలభారత చేనేత గణనము ప్రకారము దేశమున చేనేతపై బ్రదుకు పనివారు 35 లక్షలకు పైబడి యున్నారు. నేతపని వారిలో నూటికి 72 గురు స్త్రీలు. ఈశాన్య రాష్ట్రములలో ఇంటింట స్త్రీలు నేయుట యీ సంఖ్య పెరుగుటకు ముఖ్యకారణము. మన ప్రాంతమున స్త్రీ చేయు పని మగ్గము చుట్టునుండు పనియగుటచే, చీర ధర లెక్కగట్టునప్పుడు దానికి వేఱుగా వెల గట్టువారు అరుదు.

లెక్కలోనికి రాని యీ పనికి నరసాపురపు లేసు మంచి దృష్టాంతము. పందొమ్మిదవ శతాబ్దమున స్కాట్లండునుండి వచ్చిన మిషనరీ దంపతులు గోదావరి ప్రాంతపు స్త్రీలకు ఈ యల్లికను నేర్పిరి. క్రమముగా నది వేలకొలది యిండ్లలో వ్యాపించి విదేశములకు ఎగుమతి యయ్యెను. జర్మను సామాజిక శాస్త్రవేత్తయగు మారియా మీస్ ఈ స్త్రీల జీవితమును పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. దినమునకు ఆఱు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లు స్త్రీని పనిగత్తెగా నెవరును లెక్కింపలేదనియు, తీరికవేళ గడుపుకొను గృహిణిగానే యెంచి దానికి దగినట్లే కూలి యిచ్చిరనియు, వర్తకము, లాభము పురుషుల చేతులలో నుండెననియు ఆమె వ్రాసెను. ఆ నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు రక్షింపబడినది, సంతోషింపదగినదే. కాని పేరు రక్షింపబడుటయు, అల్లిన చేతికి ఫలము దక్కుటయు రెండు వేర్వేఱు సంగతులు. ఈ రెంటికిని నడుమ నున్నది ఒక రిజిస్టరు.

ఆ రిజిస్టరునకు రెండు భాగములు. మొదటి భాగమున పేరునకు యాజమాన్యము వహించు సంఘమునో, సంస్థనో, ప్రభుత్వ శాఖనో వ్రాయుదురు. రెండవ భాగమున ఆ పేరును తమ సరకుపై వాడుకొనుటకు అధికారము పొందినవారి పేళ్లను వ్రాయుదురు. పత్రికలలో మనము చదువు సంతోషవార్త మొదటి భాగమునకు సంబంధించినది. కడుపు నింపునది రెండవ భాగము. అందు పేరు గలవారు గుర్తింపు ముద్రను తమ సరకుపై వేసికొనవచ్చును. ఇతరులు ఆ పేరును దొంగిలించినచో న్యాయస్థానమున దావా వేయవచ్చును. ఆ భాగమున పేరు లేనివారు అచ్చముగా ఆ యూరిలో ఆ మగ్గముపై నేసినను, చట్టము ముందు పేరులేనివారే.

రెండవ భాగమున నమోదగుటకు రుసుము పూర్వము 500 రూపాయలుండెను. 2020లో నియమములను సవరించి దానిని 10 రూపాయలకు దగ్గించిరి. కావున డబ్బు అడ్డమని యిప్పుడు చెప్పుటకు వీలులేదు. అడ్డమైనది మన యలవాటు. ఇంటనుండి ఒక్క దరఖాస్తు పోవునెడల అది యజమానుని పేర బోవును. ఇంటిల్లిపాది చేసిన పనికి ఒక్కని పేరు పడును. చట్టములో పురుషుడని యెక్కడను లేదు. ఆ వస్తువును ఉత్పత్తి చేయు ఎవరైనను దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

మఱియొక నియమము స్త్రీలు తప్పక తెలిసికొనదగినది. ఈ హక్కును అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, ఇతరులకు బదలాయింపరాదు. ఋణదాత వచ్చి పొలము వ్రాయించుకొన్నట్లు దీనిని వ్రాయించుకొనజాలడు. అయితే హక్కుదారు మరణించినచో అది చట్టప్రకారము వారసులకు సంక్రమించును. అనగా నేతగాని భార్య విధవ యైనప్పుడు మగ్గముతోబాటు ఆ పేరును వాడుకొను హక్కును వారసురాలిగా కోరవచ్చును. పది యేండ్లకొకసారి నమోదును పొడిగించుకొనుట మఱవరాదు.

నేతకు జెప్పిన మాట సేద్యమునకును జెల్లును; కొడవలూరువంటి వరిసీమలో దీనిని విడిచిపెట్టరాదు. నెల్లూరు మొలగొలుకుల పేరు తెలుగునాట నెఱుగని వారరుదు. ఇట్టి వంగడముల కొఱకు 2001లో మొక్కల వంగడముల రక్షణ, రైతుల హక్కుల చట్టము వచ్చినది. రైతు తాను పండించిన విత్తనమును దాచుకొనుటకు, మరల విత్తుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, అమ్ముకొనుటకు గూడ అది హక్కిచ్చినది. రక్షణ పొందిన వంగడపు విత్తనమును ముద్రవేసిన సంచులలో వ్యాపారపు పేరుతో అమ్ముట మాత్రము కూడదు. తాను కాపాడుకొన్న వంగడమును తన పేర నమోదు చేసికొనుటకు రైతునకు రుసుము లేదు. అంతకంటె ముఖ్యము, రైతెవరని చెప్పుచు ఆ చట్టము పట్టా యడుగలేదు. భూమిని స్వయముగా సేద్యము చేయువారును, సాంప్రదాయిక వంగడములను కాపాడువారును రైతులే యన్నది. కళ్లమునుండి మంచి కంకులేరి, ఎండబెట్టి, వేపాకు వేసి కుండలో దాచెడి స్త్రీ, తన పేర సెంటు భూమి లేకున్నను, ఆ చట్టము దృష్టిలో రైతే. ఈ మాట నెందఱు స్త్రీ లెఱుగుదురు?

చట్టము చేయలేని పనులును గలవు. అది కూలి రేటు నిర్ణయింపదు. వెంకటగిరి నెమలిని మఱియొకచోట నేసి వేఱుపేరుతో నమ్మినచో, భౌగోళిక గుర్తింపు వానిని వారింపజాలదు. అది పేరునే కాపాడును గాని నేర్పును గాపాడదు. క్రొత్తగా గల్పించిన డిజైనునకు 2000 నాటి డిజైనుల చట్టము క్రింద వేఱుగా రక్షణ కోరవలెను. కొన్ని రకముల బట్టలను చేతిమగ్గములకే ప్రత్యేకించు 1985 నాటి చట్టము మఱియొకటి గలదు. దొంగపేరుతో సరకమ్మినవానికి 1999 నాటి చట్టము ఆఱు మాసములకు దగ్గకుండ చెఱసాలయు, 50,000 రూపాయలకు దగ్గకుండ జరిమానాయు విధించినది. కాని ఫిర్యాదు చేయువారే లేనిచో శిక్ష పుస్తకములోనే యుండును.

ఇందుచేత న్యాయవాదుల సాయము గూడ కావలసియున్నది. ఈ శాఖలో బనిచేయు న్యాయవాది కోర్టులో వాదించుటయే గాక, చాల ముందునుండి పని చేయవలెను. వస్తువు చరిత్రకు దగిన వ్రాతలు వెదకుట, తయారగు విధమును పనివారినుండి విని వరుసగా వ్రాయుట, ప్రాంతపు పటము జతచేయుట, నాణ్యము పరీక్షించు ఏర్పాటు చూపుట యతని వంతు. పనివారినుండి వినుట యన్నప్పుడు పురుషులతో మాటలాడి వచ్చినచో సగము విద్య వ్రాతలోనికి రాదు. గంజి యెంత పలుచన యుండవలెనో, పడు గెప్పు డారవలెనో చెప్పగలది స్త్రీ. ఆమెను అడుగనిచో ఆ పని యామెది యనుటకు సాక్ష్యమే యుండదు.

విచారణ స్థానములలోను మార్పులు వచ్చినవి. ఇట్టి వ్యాజ్యములపై అప్పీళ్లు వినుటకు చెన్నపట్టణము ముఖ్యస్థానముగా నొక ప్రత్యేక అప్పీళ్ల మండలి యుండెను. దానిని 2021లో రద్దుపఱచి ఆ యధికారమును హైకోర్టులకు అప్పగించిరి. ఢిల్లీ హైకోర్టు ఆ సంవత్సరమే మేధాసంపత్తి వ్యాజ్యముల కొఱకు ప్రత్యేక విభాగమును ఏర్పఱచెను. మద్రాసు హైకోర్టు 2023లో అట్టి విభాగమునకు నియమములు ప్రకటించెను. రిజిస్ట్రీ చెన్నపట్టణమున నుండుటచే ఇది మన ప్రాంతపు పనివారికి గూడ సంబంధించిన సంగతియే. వ్యాజ్యములు త్వరితముగా దెమలినచో బీదవారికే మేలు; ఆలస్యమును భరింపగలవాడు ధనికుడు.

చీర కొను మనకును కొంత బాధ్యత గలదు. వెంకటగిరి చీర యని చెప్పి చూపినప్పుడు కొంగుమీది బుటాను వెనుకకు ద్రిప్పి చూడుడు. చేతితో నేసిన జాందానీ బుటా రెండువైపులను ఇంచుమించు నొకేరీతిగా నుండును. యంత్రపు బుటాకు వెనుకవైపున కత్తిరించిన పోగులు తఱచుగా గనబడును. చేనేత ముద్ర చీటి యున్నదేమో చూడుడు. భౌగోళిక గుర్తింపు చిహ్నమును అడుగుడు. అది లేకున్నంతమాత్రమున చీర దొంగచీర యని నిశ్చయింపరాదు. అయినను పదిమంది యడిగినచో దుకాణదారుడు నేతవారి నడుగును, నేతవారు రిజిస్టరు నడుగుదురు. ఏ యూరిలో నేసినది, ఎవరు నేసినారు అని యడుగుటకు సిగ్గుపడనక్కఱలేదు. ఆవకాయకు కారము కొనునప్పుడు మిరప యెక్కడిదని యడుగమా?

మహిళా సంఘములు ఈ విషయమున పూనుకొనవలెను. పొదుపు లెక్కలు వ్రాసికొనుటకు అలవాటుపడిన చేతులకు ఒక దరఖాస్తు నింపుట బ్రహ్మవిద్య కాదు. వెంకటగిరిలో, ఉదయగిరిలో, నరసాపురములో, ఇంక మీదట గుర్తింపు కోరదలచిన ప్రతి యూరిలోను ఒక్క ప్రశ్న వేయవలెను: రెండవ భాగమున స్త్రీల పేళ్లెన్ని? ఆ సంఖ్య ఆ యూరి స్త్రీలు చేయు పనికి సరితూగువఱకు, యాజమాన్యపు సంఘమును, న్యాయవాదులను, అధికారులను అడుగుచునే యుండవలెను. ఊరి పేరు చీరమీద నున్నది. చీర నిలిపిన యామె పేరు రిజిస్టరులో నుండుట న్యాయము. దానికి రుసుము పది రూపాయలు.